పురుషుల ఫిగర్ స్కేటింగ్‌లో జంపులకు విలువ కట్టడం ఎలా

పురుషుల ఫిగర్ స్కేటింగ్ పోటీని టీవీలో చూసేవారిలో చాలామంది, స్కేటర్ గాలిలో ఎన్ని చుట్లు తిరిగాడో లెక్కపెట్టాలని ప్రయత్నిస్తారు. నాలుగు చుట్ల జంప్ మొత్తం 0.7 సెకను దరిదాపుల్లో ముగిసిపోతుంది కాబట్టి ఆ లెక్క అలవాటు లేని కంటికి అందదు. అందినా దానివల్ల పెద్దగా ఒరిగేది లేదు. జంప్ విలువను నిర్ణయించేవి రెండే రెండు క్షణాలు: బ్లేడ్ మంచును విడిచే క్షణం, బ్లేడ్ తిరిగి మంచును తాకే క్షణం. ఈ రెండింటినీ గమనించడం అలవాటైతే, తెర మీద అంకె పడకముందే ఆ జంప్‌కు సుమారుగా ఎన్ని మార్కులు వస్తాయో ప్రేక్షకుడు కూడా చాలావరకు సరిగ్గా చెప్పగలుగుతాడు.

ఇందుకు భౌతికశాస్త్రపరమైన కారణం ఉంది. మంచును విడిచిన తరువాత స్కేటర్ కొత్తగా తిరిగే శక్తిని పుట్టించుకోలేడు. చేతులను, కాళ్లను శరీరానికి దగ్గరగా లాక్కుని, అప్పటికే తనలో ఉన్న కోణీయ ద్రవ్యవేగాన్ని మరింత వేగవంతమైన భ్రమణంగా మార్చుకోవడం మాత్రమే అతని చేతుల్లో ఉంటుంది. దూసుకువచ్చే వేగం, మోకాలి వంపు, బ్లేడ్ అంచు (లోపలిది గాని బయటిది గాని) మీద పడే ఒత్తిడి, చేతుల ఊపు, ఇవన్నీ మంచు మీదే సిద్ధం కావాలి. అందుకే గాలిలో వంకరగా కనిపించిన జంప్‌కు మూలం దాదాపు ఎప్పుడూ అంతకు అరసెకను ముందే, కింద మంచు మీద దొరుకుతుంది.

ఎవరు దేన్ని చూస్తారు

2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో జంటల పోటీ తీర్పు మీద చెలరేగిన వివాదం తరువాత, అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ (ఐఎస్‌యూ) పాత 6.0 మార్కుల పద్ధతిని వదిలిపెట్టి 2004లో ఇప్పటి పద్ధతిని స్వీకరించింది. పాత పద్ధతిలో జడ్జి ఒకరితో ఒకరిని పోల్చి స్థానాలు ఇచ్చేవాడు. కొత్త పద్ధతిలో ప్రతి అంశానికీ విడిగా విలువ ఉంటుంది, ఆ విలువలన్నీ కూడితే స్కోరు వస్తుంది. కాబట్టి ఒక జంప్‌ను పట్టుకుని, దానికి ఎన్ని పాయింట్లు ఎందుకు వచ్చాయని అడగడానికి ఇప్పుడు వీలుంది.

అయితే ఆ పాయింట్లు ఒకే చోటి నుంచి రావు. టెక్నికల్ ప్యానెల్ అనే ముగ్గురు సభ్యుల బృందం (కంట్రోలర్, స్పెషలిస్ట్, అసిస్టెంట్ స్పెషలిస్ట్) స్కేటర్ ఏ జంప్ చేశాడు, చుట్లు పూర్తయ్యాయా, సరైన అంచు మీద నుంచి లేచాడా అన్నది నిర్ణయిస్తుంది. వారికి స్లో మోషన్ రీప్లే అందుబాటులో ఉంటుంది, అభిప్రాయ భేదం వస్తే మెజారిటీ మాట చెల్లుతుంది, నిజంగా సందేహం మిగిలితే స్కేటర్‌కు అనుకూలంగానే నిర్ణయించాలని వారికి నియమం ఉంది. జడ్జీల పని వేరు. పెద్ద పోటీల్లో తొమ్మిది మంది వరకు ఉండే ఈ జడ్జీలు, ప్యానెల్ పేరు పెట్టిన జంప్‌ను ఎంత బాగా చేశాడన్నదానికి మైనస్ ఐదు నుంచి ప్లస్ ఐదు వరకు గ్రేడ్ ఇస్తారు. దీన్ని గ్రేడ్ ఆఫ్ ఎగ్జిక్యూషన్ అనీ, పొట్టిగా జీఓఈ అనీ అంటారు. జడ్జీల మీద కోపం తెచ్చుకునే అభిమానులు చాలాసార్లు ప్యానెల్ చేసిన పనికి జడ్జీలను నిందిస్తుంటారు. ఏదైనా స్కోరు అన్యాయంగా అనిపించినప్పుడు మొదట తేల్చుకోవలసినది, తగ్గింది ప్రాథమిక విలువా (పట్టికలో ఆ జంప్‌కు ముందే కేటాయించిన పాయింట్లు) లేక జీఓఈనా అన్నదే.

మొదటి పని: జంప్ పేరు పట్టుకోవడం

పోటీల్లో లెక్కకు వచ్చే ప్రధానమైన జంపులు ఆరు. టో లూప్, సాల్కావ్, లూప్, ఫ్లిప్, లట్జ్, యాక్సెల్ అన్న ఈ వరుస, ప్రాథమిక విలువ పెరిగే వరుస కూడా. స్కేటర్లలో ఎక్కువమంది గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతారు, వారు ఆరింటిలో ఏది చేసినా కుడి కాలి వెనుక బయటి అంచు మీదే దిగుతారు. దిగే తీరు ఒకటే కాబట్టి పేరు తెలిసేది లేచే తీరును బట్టే. (సవ్య దిశలో తిరిగే కొద్దిమంది విషయంలో కింద చెప్పిన కుడి, ఎడమలను తారుమారు చేసుకుంటే సరిపోతుంది.)

ముందుగా యాక్సెల్‌ను నేర్చుకోవడం తేలిక, ఎందుకంటే ముఖం ముందుకు పెట్టి లేచే జంప్ అదొక్కటే. ఎడమ కాలి బయటి అంచు మీద ముందుకు అడుగువేసి లేచి, వెనక్కి దిగుతారు కాబట్టి ఇందులో అరచుట్టు అదనంగా ఉంటుంది. ట్రిపుల్ యాక్సెల్ అంటే మూడున్నర చుట్లు, క్వాడ్ యాక్సెల్ అంటే నాలుగున్నర. మిగిలిన ఐదింటిలో టో పిక్, అంటే బ్లేడ్ ముందు భాగంలోని పళ్లు, మంచులో గుచ్చుకుందా లేదా అన్నది తరువాతి ప్రశ్న. గుచ్చకపోతే అది సాల్కావ్ లేదా లూప్. సాల్కావ్‌లో ఎడమ కాలి వెనుక లోపలి అంచు మీద ఉండగా కుడి కాలు పక్క నుంచి చుట్టుకుంటూ ముందుకు ఊగుతుంది. లూప్‌లో ఆ ఊపు ఉండదు. రెండు కాళ్లూ దగ్గరగా ఉంచి, కుర్చీలో కూర్చోబోతున్నట్టుగా మోకాళ్లు వంచి, కుడి కాలి బయటి అంచు మీద నుంచే లేస్తారు. టో పిక్ గుచ్చితే టో లూప్, ఫ్లిప్, లట్జ్‌లలో ఏదో ఒకటి. గుచ్చేది ఎడమ కాలైతే టో లూప్ అని వెంటనే చెప్పవచ్చు.

కుడి కాలు గుచ్చినప్పుడే అసలు కష్టం మొదలవుతుంది. ఫ్లిప్, లట్జ్ రెండింటిలోనూ ఎడమ కాలి మీద వెనక్కి జారుతూ కుడి టో పిక్ గుచ్చుతారు. ఫ్లిప్‌లో ఎడమ కాలు లోపలి అంచు మీద, లట్జ్‌లో బయటి అంచు మీద ఉండాలి. లట్జ్‌ను నిదానంగా చూద్దాం. స్కేటర్ సాధారణంగా రింక్ మూల వైపు పొడవైన వంపులో వెనక్కి జారుతూ వస్తాడు, భుజం మీదుగా వెనక్కి ఒకసారి చూస్తాడు, కుడి కాలును వెనక్కి చాస్తాడు. అతను జారుతున్న వంపు ఒక దిక్కుకు, అతను తిరగబోయేది దానికి ఎదురు దిక్కుకు. ఆ వ్యతిరేకతను తట్టుకోలేని శరీరం, టో పిక్ గుచ్చబోయే చివరి క్షణంలో వంపును మార్చుకోవడానికి ప్రయత్నిస్తుంది: ఎడమ చీలమండ లోపలికి ఒరుగుతుంది, బ్లేడ్ బయటి అంచు నుంచి లోపలి అంచుకు దొర్లుతుంది. అప్పుడది పేరుకు లట్జ్ అయినా నిజానికి ఫ్లిప్‌లా లేచిన జంప్, స్కేటింగ్ లోకంలో దీన్నే ఫ్లట్జ్ అంటారు. దీనికి తలకిందులుగా, ఫ్లిప్ చేయవలసినవాడు బయటి అంచు మీద నుంచి లేవడాన్ని లిప్ అంటారు.

ఈ తేడాను ప్యానెల్ రెండు స్థాయిల్లో గుర్తిస్తుంది. అంచు స్పష్టంగా తప్పైతే స్కోరు పత్రంలో ఆ జంప్ పక్కన ఈ అనే ఆంగ్ల అక్షరం పడుతుంది, ప్రాథమిక విలువలో 80 శాతమే మిగులుతుంది, పైగా జడ్జీలు జీఓఈని కూడా తగ్గించాలి. అంచు అస్పష్టంగా ఉంటే ఆశ్చర్యార్థకం పడుతుంది. విలువ తగ్గదు, జీఓఈ మాత్రం తగ్గుతుంది. చూసేవారు రీప్లేలో చీలమండ మీదే దృష్టి నిలపాలి. పాదం వెనుక నుంచి కెమెరా చూపిస్తే అంచు ఒరుగుదల స్పష్టంగా కనిపిస్తుంది. పక్క నుంచి చూపిస్తే ఎంత అనుభవం ఉన్నా ఖాయంగా చెప్పడం కష్టం, అటువంటప్పుడు తీర్పు చెప్పకుండా ఊరుకోవడమే నిజాయితీ.

రెండో పని: చుట్టు పూర్తయిందా అని చూడటం

సరిగ్గా దిగిన జంప్‌లో బ్లేడ్ ముందు భాగం మంచును తాకేసరికే స్కేటర్ వెనక్కి ప్రయాణిస్తూ ఉంటాడు. తాకిన వెంటనే బ్లేడ్ బయటికి వంపు తీసుకుంటూ జారిపోతుంది. చుట్టు తక్కువైతే బ్లేడ్ అడ్డంగా దిగుతుంది, మిగిలిన భాగాన్ని మంచు మీదే గిరుక్కున తిప్పుకోవలసి వస్తుంది, తరచు అక్కడ మంచు పొడి చిమ్ముతుంది. పై నుంచి చూస్తున్నట్టు ఊహించుకుని, తాకిన క్షణంలో బ్లేడ్ ఎటు చూస్తోందో, ఆ తరువాత ఎటు జారుతోందో పోల్చుకోవడమే దీనికి ఉన్న ఏకైక పద్ధతి.

2020-21 సీజన్ నుంచి ఈ లోపానికి మూడు మెట్లు ఉన్నాయి. సరిగ్గా పావు చుట్టు తక్కువైతే క్యూ అనే అక్షరం పడుతుంది, ప్రాథమిక విలువ పూర్తిగా దక్కుతుంది కాని జీఓఈ తగ్గుతుంది. పావు చుట్టు కంటే ఎక్కువ, అరచుట్టు కంటే తక్కువ లోటుంటే ఒక కోణపు గుర్తు పడి 80 శాతం విలువ మిగులుతుంది. అరచుట్టో అంతకంటే ఎక్కువో లోటుంటే రెండు కోణపు గుర్తులు పడి, జంప్ ఒక మెట్టు కిందికి దిగుతుంది, దీన్నే డౌన్‌గ్రేడ్ అంటారు. అంటే క్వాడ్ టో లూప్ చేయబోయిన వాడికి ట్రిపుల్ టో లూప్ విలువే వస్తుంది. పావు చుట్టు అంటే తొంభై డిగ్రీలు. దానికి కొంచెం ఇటు, కొంచెం అటు అన్న తేడా మీద రెండు పాయింట్లకు పైగా కూడా ఆధారపడి ఉంటాయి కాబట్టే, ఈ గుర్తుల మీద జరిగినంత వాదన ఈ క్రీడలో మరి దేనిమీదా జరగదు.

లేచే వైపు కూడా చుట్టును దొంగిలించవచ్చు. ఏ జంప్‌లోనైనా మంచును విడవకముందే శరీరం కొంత తిరగడం సహజం, లూప్, టో లూప్‌లలో ఇది మరీ ఎక్కువ. ఆ సహజమైన పరిమితి దాటి, వెనక్కి లేవవలసిన వాడు స్పష్టంగా ముందుకు తిరిగిపోయి లేస్తే, దాన్ని కూడా డౌన్‌గ్రేడ్‌గా పరిగణించాలని నియమం చెబుతుంది. ఆచరణలో ప్యానెళ్లు దిగే వైపు చూపే కాఠిన్యం లేచే వైపు చూపవని నా అభిప్రాయం. ఈ విషయంలో తీర్పులు మరింత కఠినంగా ఉంటే యువ స్కేటర్ల శిక్షణ బాగుపడుతుందని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే చిన్నప్పుడు అలవాటైన అడ్డదారి టేకాఫ్‌ను పెద్దయ్యాక మార్చుకోవడం చాలా కష్టం.

మూడో పని: నాణ్యతకు గ్రేడ్ ఇవ్వడం

జీఓఈ ఇవ్వడంలో జడ్జీలు ముందు మంచి లక్షణాలను కూడతారు, తరువాత తప్పులను తీసివేస్తారు. జంపులకు సంబంధించిన మంచి లక్షణాలు ఆరు. మొదటి మూడు, మంచి ఎత్తూ దూరమూ ఉండటం, లేవడమూ దిగడమూ చక్కగా ఉండటం, మొదటి నుంచి చివరి వరకు శ్రమ కనిపించకుండా సాగడం. మిగిలిన మూడు, జంప్‌కు ముందు అడుగులు గాని ఊహించని ప్రవేశం గాని ఉండటం, గాలిలో శరీర స్థితి బాగుండటం, జంప్ సంగీతంతో కలిసిపోవడం. ఒక్కో లక్షణానికి ఒక్కో మెట్టు పెరుగుతుంది, అయితే ప్లస్ నాలుగుకూ ప్లస్ ఐదుకూ మొదటి మూడు లక్షణాలు తప్పనిసరి. అంటే సంగీతానికి ఎంత అందంగా అమరినా, దిగేటప్పుడు నడుము ముందుకు వంగిపోయిన జంప్‌కు పైమెట్టు దక్కకూడదు.

తీసివేతల విషయంలో పడిపోతే మైనస్ ఐదు, దిగీ దిగగానే నిలదొక్కుకోలేక అడుగు మార్చినా రెండు కాళ్ల మీద దిగినా పెద్ద కోత, చెయ్యి గాని రెండో కాలు గాని మంచును తాకితే దానికంటే చిన్న కోత ఉంటాయి. వీటిని గుర్తించడానికి శిక్షణ అవసరం లేదు, అందుకని ఎక్కువ చెప్పను. శిక్షణ అవసరమైనది మంచి జంప్‌కూ చాలా మంచి జంప్‌కూ మధ్య ఉన్న తేడాను చూడటానికి, దానికి ఒక మంచి ఉపాయం ఉంది: దిగిన తరువాత వేగాన్ని చూడండి. వచ్చిన వేగంతోనే జారుతూ బయటికి వెళ్లిపోతున్న స్కేటర్ దిగే తాకిడిని మోకాలితో, చీలమండతో పూర్తిగా మింగేశాడని అర్థం. దిగగానే బ్లేడ్ ఆగినట్టై, భుజాలు కదిలి, రెండు మూడు తోపులు తోసుకుంటే తప్ప ముందుకు సాగలేని స్కేటర్, పడకపోయినా, జంప్‌ను గట్టెక్కించాడే తప్ప బాగా చేయలేదు. ఈ రెండో రకానికి ప్లస్ మూడు వేసే జడ్జీలు కనిపిస్తూనే ఉంటారు, పేరున్న స్కేటర్ల విషయంలో ఈ ఉదారత మరీ ఎక్కువగా ఉంటుంది.

జంప్‌కు ముందున్న తయారీని కూడా చూడాలి. రింక్ పొడవునా తోసుకుంటూ వచ్చి, నాలుగైదు సెకన్లు నిటారుగా జారి, ఆపైన లేచిన క్వాడ్‌కూ, ఒక కష్టమైన మలుపులోంచి నేరుగా లేచిన క్వాడ్‌కూ ప్రాథమిక విలువ ఒకటే. ఆ తేడాను చూపగలిగినది జీఓఈ మాత్రమే.

అంకెల్లోకి మార్చుకోవడం

2018-19 సీజన్ నుంచి అమలైన పట్టికలో క్వాడ్‌ల ప్రాథమిక విలువలు ఇవి: టో లూప్ 9.5, సాల్కావ్ 9.7, లూప్ 10.5, ఫ్లిప్ 11.0, లట్జ్ 11.5, యాక్సెల్ 12.5. ట్రిపుల్ యాక్సెల్ 8.0, ట్రిపుల్ లట్జ్ 5.9. జీఓఈలో ఒక్కో మెట్టు ప్రాథమిక విలువలో పది శాతం. జడ్జీలిచ్చిన గ్రేడ్‌లలో ఎక్కువది ఒకటి, తక్కువది ఒకటి తీసేసి మిగిలినవాటికి సగటు కడతారు. ఒక క్వాడ్ లట్జ్‌కు తొమ్మిది మంది జడ్జీలు 3, 3, 2, 4, 3, 2, 3, 5, 1 ఇచ్చారనుకుందాం. 5ను, 1ని తీసేస్తే మిగిలిన ఏడింటి మొత్తం 20, సగటు 2.857. మెట్టుకు 1.15 చొప్పున అది 3.29 అవుతుంది, 11.5కు కలిపితే 14.79.

ఇప్పుడు అదే క్వాడ్ లట్జ్‌లో పడిపోయాడనుకుందాం. మైనస్ ఐదుతో సగం విలువ పోయి 5.75 మిగులుతుంది, పడినందుకు మొత్తం స్కోరులోంచి మరో పాయింటు పోతుంది, అంటే చేతికి వచ్చేది 4.75. దీనికి బదులు ట్రిపుల్ లట్జ్‌ను ప్లస్ మూడుతో చేసివుంటే 7.67 వచ్చేది. చుట్టు కూడా తక్కువై పడితే ప్రాథమిక విలువ ముందే 9.2కు దిగుతుంది, చివరికి మిగిలేది 3.6. అలాగే ప్లస్ మూడుతో చేసిన క్వాడ్ టో లూప్ 12.35 తెస్తుంది, సున్నా జీఓఈతో గట్టెక్కిన క్వాడ్ లట్జ్ 11.5 దగ్గరే ఆగిపోతుంది. కష్టమైన జంప్ పేరు వినగానే మురిసిపోయే ముందు ఈ లెక్క వేసుకోవడం మంచిది.

ఇది ఎప్పుడూ ఇలా లేదు. 2018కి ముందు క్వాడ్ లట్జ్ విలువ 13.6, జీఓఈ మైనస్ మూడు నుంచి ప్లస్ మూడు వరకే, పడితే పోయేది 4.0. పడినందుకు కోసే పాయింటు కూడా పోగా 8.6 మిగిలేది, తప్పేమీ లేకుండా చేసిన ట్రిపుల్ లట్జ్ ప్రాథమిక విలువ అప్పట్లో 6.0. పడినా లాభమే అనే ఆ పరిస్థితిని మార్చడానికే విలువలు తగ్గించి, జీఓఈ పరిధిని పెంచారు. ఈ మార్పు పురుషుల స్కేటింగ్‌కు మేలు చేసిందని నేను అనుకుంటున్నాను. ఒక్క విషయంలో మాత్రం పట్టిక నాకు సరిగా తోచదు. 2022 సెప్టెంబరులో లేక్ ప్లాసిడ్‌లో అమెరికా స్కేటర్ ఇలియా మలినిన్ పోటీలో తొలిసారిగా పూర్తిచేసి చూపిన క్వాడ్ యాక్సెల్‌కు, క్వాడ్ లట్జ్ కంటే ఒక్క పాయింటే ఎక్కువ. అరచుట్టు అదనంగా తిరగడానికి కావలసిన శ్రమకు, ప్రమాదానికి ఆ ఒక్క పాయింటు తగిన ప్రతిఫలం కాదు.

అదే యాక్సెల్‌కు అంతకు కొన్ని నెలల ముందు బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ స్కేటర్ యుజురు హన్యు ప్రయత్నించాడు. చుట్టు కొంత తక్కువై పడిపోయాడు. 12.5లో 80 శాతం 10.0, అందులో సగం జీఓఈ కోతకు పోగా 5.0, పడినందుకు మరొకటి. ఈ లెక్క ముందే తెలిసి కూడా అతను ఆ జంప్‌కు సిద్ధపడ్డాడంటే, పాయింట్ల పట్టికకు అందని ఆశయం ఒకటి అతని ముందు ఉందని అర్థమవుతుంది.

ప్రోగ్రామ్ మొత్తంలో జంప్ ఎక్కడ ఉంది

పోటీలో రెండు ప్రదర్శనలుంటాయి: చిన్నది షార్ట్ ప్రోగ్రామ్, పెద్దది ఫ్రీ స్కేట్. షార్ట్ ప్రోగ్రామ్‌లో జంప్ అంశాలు మూడే: ఒక యాక్సెల్, ఒక విడి జంప్, ఒక కాంబినేషన్ (వెంటవెంటనే చేసే జంపుల జోడు). అందుకే అక్కడ ఒక తప్పు ఖరీదు చాలా ఎక్కువ. నియమం అడిగిన చుట్లు లేని జంప్‌కు అక్కడ సున్నా వస్తుంది. బీజింగ్‌లో హన్యు బ్లేడ్ మంచులోని గుంతలో చిక్కుకుని, అతని క్వాడ్ సాల్కావ్ ఒక్క చుట్టుతో ఆగిపోయింది; ఇలా మధ్యలో విప్పుకుపోయిన జంప్‌ను పాప్ అంటారు. ఆ అంశానికి ఒక్క పాయింటు కూడా రాక అతను షార్ట్‌లో ఎనిమిదో స్థానంలో, చివరికి నాలుగో స్థానంలో నిలిచాడు. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో నేథన్ చెన్ షార్ట్‌లో మూడు జంప్ అంశాల్లోనూ తప్పులు చేసి 82.27తో 17వ స్థానానికి పడిపోయాడు. రెండు రోజులు కూడా గడవకముందే ఫ్రీ స్కేట్‌లో ఆరు క్వాడ్‌లతో 215.08 సాధించి ఆ విభాగంలో అందరికంటే ముందు నిలిచినా, మొత్తం మీద ఐదో స్థానం దాటలేకపోయాడు. అదే పోటీలో హన్యు ఫ్రీ స్కేట్ స్కోరు 206.17 మాత్రమే, కాని షార్ట్‌లో తెచ్చుకున్న 111.68 అతనికి స్వర్ణం ఇచ్చింది.

ఫ్రీ స్కేట్‌లో 2018-19 నుంచి ఏడు జంప్ అంశాలకు అనుమతి ఉంది, వాటిలో మూడు వరకు కాంబినేషన్లు గాని సీక్వెన్సులు (తరువాతి జంప్‌గా యాక్సెల్‌ను జోడించినవి) గాని కావచ్చు. ట్రిపుల్, క్వాడ్‌లలో రెండు రకాలను మాత్రమే రెండోసారి చేయవచ్చు, ఆ రెండింటిలో క్వాడ్ ఒక్కటే ఉండాలి. రెండుసార్లు చేసినప్పుడు కనీసం ఒకటి కాంబినేషన్‌లో ఉండకపోతే రెండోదానికి 70 శాతం విలువే వస్తుంది. కాంబినేషన్ చేయబోయి మొదటి జంప్ తరువాత తడబడ్డ స్కేటర్, తరువాతి జంప్‌కు హడావిడిగా ఒక టో లూప్ తగిలించడం మీరు చూసే ఉంటారు. ఆ 30 శాతాన్ని కాపాడుకోవడానికి అతను మంచు మీదే వేసుకున్న లెక్క అది. ఇలాంటప్పుడు స్కేటర్ బుద్ధికి కూడా మనసులో ఒక మార్కు వేయడం న్యాయం.

ప్రోగ్రామ్ రెండో సగంలో చేస్తే, చివరి మూడు జంప్ అంశాలకు (షార్ట్‌లో చివరి ఒక్కదానికి) ప్రాథమిక విలువ మీద పది శాతం అదనం. అలసిన కాళ్లతో చేసిన క్వాడ్ టో లూప్‌కు 9.5 బదులు 10.45 వస్తుందన్నమాట. కాంబినేషన్‌లో జంపుల విలువలన్నీ కూడతారు, జీఓఈ మాత్రం వాటిలో అత్యధిక విలువ ఉన్న జంప్ ఆధారంగా లెక్కిస్తారు. అన్ని జంపులూ కుడి కాలి బయటి అంచు మీద దిగుతాయి కాబట్టి నేరుగా జోడించగలిగినవి టో లూప్, లూప్ మాత్రమే. మధ్యలో ఆయిలర్ అనే చిన్న జంప్‌తో ఎడమ కాలి లోపలి అంచుకు మారితే సాల్కావ్ గాని ఫ్లిప్ గాని చేయవచ్చు. కజకిస్థాన్ స్కేటర్ మిఖాయిల్ షైదొరోవ్ 2024లో ఈ దారినే ట్రిపుల్ యాక్సెల్, ఆయిలర్, క్వాడ్ సాల్కావ్‌లను ఒకే అంశంగా చేసి చూపాడు. ప్రాథమిక విలువే 18.2.

స్కోరు పత్రంతో సరిపోల్చుకోవడం

ప్రతి పెద్ద పోటీ తరువాతా జడ్జీల వివరాలతో స్కోరు పత్రం విడుదలవుతుంది, దీన్ని ప్రొటోకాల్ అంటారు. నేర్చుకునేవారికి నేను సూచించే పద్ధతి ఇది. మొదట ప్రోగ్రామ్‌ను ఎక్కడా ఆపకుండా, జంప్ పేరు, లేచేటప్పుడు కలిగిన సందేహం, దిగినప్పటి వేగం అన్న మూడింటినే కాగితం మీద రాసుకుంటూ చూడండి. రెండోసారి టేకాఫ్‌లను మాత్రమే, మూడోసారి ల్యాండింగ్‌లను మాత్రమే నిదానంగా చూసి, గుర్తులు, జీఓఈ మీరే వేయండి. ఆ తరువాతే ప్రొటోకాల్ తెరవండి. ముందే తెరిస్తే కన్ను ఆ పత్రంలో ఉన్నదాన్నే వెతుకుతుంది, సొంతంగా చూడటం మానేస్తుంది.

ప్రొటోకాల్‌లో ప్రతి వరుసలోనూ జంప్ సంకేతం, దాని పక్కన ప్యానెల్ గుర్తులు, ప్రాథమిక విలువ, చివరి జంపుల అదనాన్ని సూచించే ఎక్స్ గుర్తు, సగటు జీఓఈ, జడ్జీలిచ్చిన విడి గ్రేడ్‌లు, చివర ఆ అంశానికి వచ్చిన మొత్తం కనిపిస్తాయి. గ్రేడ్‌ల వరుసలో ఒకరు 4, మరొకరు 0 ఇచ్చిన చోట తప్పక ఆగి ఆ జంప్‌ను మళ్లీ చూడాలి. చాలాసార్లు అక్కడ ఎత్తు బాగుండి దిగడం బాగుండని జంప్ కనిపిస్తుంది. ఒక జడ్జి ఎత్తుకు మార్కులిచ్చాడు, ఇంకొకరు దిగడానికి కోసేశారు. ఇటువంటి చోట్ల ఎక్కువ, తక్కువ గ్రేడ్‌లను తీసేసే నియమం ఎందుకు పెట్టారో కూడా తెలుస్తుంది.

పత్రం కింది భాగంలో కాంపొనెంట్లు, అంటే ప్రదర్శన మొత్తం నాణ్యతకు ఇచ్చే మార్కులు, ఉంటాయి. 2022-23 నుంచి ఇవి కంపొజిషన్, ప్రెజెంటేషన్, స్కేటింగ్ స్కిల్స్ అని మూడు. ఒక్కోదానికి పది వరకు మార్కులిచ్చి, పురుషుల షార్ట్‌లో 1.67తో, ఫ్రీలో 3.33తో గుణిస్తారు. అంటే ఫ్రీ స్కేట్‌లో వీటి గరిష్ఠం 99.9. టెక్నికల్ మార్కులకు అటువంటి పైకప్పు లేదు. 2024 ప్రపంచ పోటీల్లో మలినిన్ ఫ్రీ స్కేట్‌కు అప్పటి ప్రపంచ రికార్డైన 227.79 వచ్చిందంటే అందులో సగానికి పైగా టెక్నికల్ భాగానిదే. ఇందుకు భిన్నమైన ఫలితాలూ ఉన్నాయి. 2010 వాంకూవర్‌లో ఇవాన్ లైసాచెక్ ఒక్క క్వాడ్ కూడా లేకుండా 257.67తో స్వర్ణం గెలిచాడు. క్వాడ్ టో లూప్, ట్రిపుల్ టో లూప్ కాంబినేషన్ చేసిన యెవ్గెనీ ప్లుషెంకో 256.36తో రజతానికి పరిమితమయ్యాడు. తేడా 1.31 పాయింట్లు. అప్పుడు ప్లుషెంకో వైపు మాట్లాడినవారి ఆవేదన అర్థం చేసుకోదగినదే, కాని అతని జంపులు చాలావాటిలో గాలిలో శరీరం ఒరిగిపోవడం, దిగేటప్పుడు పెనుగులాడటం కనిపిస్తాయి. అంశం వారీగా పత్రం చదివితే ఆ ఫలితాన్ని అన్యాయమని నేను అనలేను.

మీ గుర్తుకూ ప్యానెల్ గుర్తుకూ తేడా వచ్చినప్పుడు, ముందుగా మీరు చూసిన కెమెరా కోణం సరైనదేనా అని పరిశీలించండి. స్కేటర్ కెమెరాకు ఎదురుగా గాని వీపు పెట్టి గాని దిగినప్పుడు పావు చుట్టును అంచనా వేయడం చాలా కష్టం. తరువాత, సందేహం స్కేటర్‌కు అనుకూలంగా పోవాలన్న నియమాన్ని గుర్తుచేసుకోండి. ఈ రెండూ దాటిన తరువాత కూడా బ్లేడ్ అడ్డంగానే దిగిందని మీకు స్పష్టంగా కనిపిస్తే, మీ కాగితం మీద మీ గుర్తును అలాగే ఉంచండి. అదే స్కేటర్ అదే జంప్‌ను తరువాతి పోటీలో చేసినప్పుడు మీ పాత గుర్తును పక్కన పెట్టుకుని చూడండి. విలువలు, నియమాలు సీజన్‌కు సీజన్‌కు మారుతుంటాయి కాబట్టి, లెక్క మొదలుపెట్టే ముందు ఆ ఏడాది ఐఎస్‌యూ ప్రకటించిన పట్టికను ఒకసారి చూసుకోండి.